రింగు పికోసెకన్లలో స్పందిస్తోంది, మాడ్యులేటర్ మెగాహెర్ట్జ్ దగ్గరే ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: బ్రాడీపేట ఎంటెక్

నమస్కారమండీ. ఉండేది గుంటూరు బ్రాడీపేటలో, చదివేది విజయవాడలో. ఎంటెక్ ప్రాజెక్టుకు ‘మెటాసర్ఫేస్‌తో టెరాహెర్ట్జ్ తరంగాల మాడ్యులేషన్’ అనే అంశం తీసుకున్నాను, అంటే చిన్న లోహపు రింగులు పరిచిన పలకతో తరంగాన్ని ఓల్టేజి ప్రకారం ఆపడం, వదలడం. ఎవరో అంటగట్టింది కాదు, నేనే అడిగి తీసుకున్నాను. అందుకే ఒకచోట చిక్కుకుపోయేసరికి నిద్ర పట్టడం లేదు.

నాకు అర్థమైనంతవరకు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. 1 టెరాహెర్ట్జ్ తరంగం పొడవు 300 మైక్రాన్లు. దానికంటే బాగా చిన్నవైన బంగారు రింగులను, ఒక్కోదానిలో సన్నని సందు వదిలి, వేఫర్ (సెమీకండక్టర్ పలక) మీద వరుసలుగా పరుస్తాం. రింగు ఇండక్టర్, సందు కెపాసిటర్. రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర అనునాదంలోకి వస్తాయి, అక్కడ తరంగం దాటిపోలేదు. సందు కింద సెమీకండక్టర్‌లో ఎలక్ట్రాన్లు నిండి ఉంటే సందు షార్టయి అనునాదం చచ్చిపోతుంది. ఓల్టేజి ఇచ్చి వాటిని తరిమేస్తే మళ్లీ లేస్తుంది. 2006లో లాస్ అలమోస్ పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో చూపించింది ఇదే. గాలియం ఆర్సెనైడ్ మీద బంగారు రింగులు, 16 ఓల్టుల రివర్స్ బయాస్ (ఎలక్ట్రాన్లను తరిమే దిశలో ఇచ్చే ఓల్టేజి), 0.72 టెరాహెర్ట్జ్ దగ్గర దాటే శక్తిలో 50 శాతం మార్పు.

ఇప్పుడు నా చిక్కు. ఒక్క రింగును యూనిట్ సెల్‌గా (వరుసల్లో పదే పదే వచ్చే ఒక్క గడిగా) తీసుకుని సిమ్యులేషన్ చేశాను. సందు కింద వాహకతను ఒక్కసారిగా మారిస్తే నాలుగైదు పికోసెకన్లలో అంతా సర్దుకుంటోంది. అంటే పదుల గిగాహెర్ట్జ్ వేగం రావాలి కదా. కానీ 2011లో ప్రతి రింగులోనూ హెమ్ట్ (ఎలక్ట్రాన్లు చాలా వేగంగా కదిలే) ట్రాన్సిస్టర్ పెట్టినవారు చూపించింది 10 మెగాహెర్ట్జ్. 2012లో వచ్చిన గ్రాఫీన్ మాడ్యులేటర్ కిలోహెర్ట్జ్‌లలోనే ఉంది. 2015లో గాలియం నైట్రైడ్ మీద చేసినది 1 గిగాహెర్ట్జ్ అందుకుంది, 85 శాతం లోతుతో (దాటే తరంగంలో వచ్చే మార్పును మాడ్యులేషన్ లోతు అంటారు). అది గొప్పే, అయినా నా సిమ్యులేషన్‌కు ఇంకా చాలా దూరం. మా గైడు గారిని అడిగితే ‘ఇంకా వేగమైన ట్రాన్సిస్టర్ పెట్టి చూడు’ అన్నారు. పెట్టి చూశాను, యూనిట్ సెల్‌లో ఏ తేడా రాలేదు. ఆ వేగం ఎక్కడ పోతోంది?

ఇంకో మాట. మా కాలేజీలో టెరాహెర్ట్జ్ సోర్సు లేదు, క్లీన్‌రూమ్ లేదు. అలాగని రంగుల బొమ్మలతో రిపోర్టు నింపి ఇచ్చేయడం నాకు ఇష్టం లేదు. చేత్తో చేసి కొలవగలిగినది ఏదైనా ఉంటే చెప్పండి.

జవాబు: గాలియం

అమ్మా, నీ సిమ్యులేషన్ అబద్ధం చెప్పలేదు. నువ్వు ఒక్క రింగు సంగతి అడిగావు, అది ఒక్క రింగు సంగతే చెప్పింది. అందులో వాహకతను మార్చింది నువ్వు, మీట నొక్కి. వేఫర్ మీద దాన్ని మార్చాల్సింది చార్జి. ఆ చార్జి అంచున ఉన్న ప్యాడ్ (ఓల్టేజి ఇచ్చే లోహపు గడి) దగ్గర బయలుదేరి, సన్నని తీగల వెంట వేల రింగులు దాటుకుంటూ, చివరి రింగు దాకా వెళ్లాలి. ప్రకాశం బ్యారేజీ దగ్గర గేటు ఎత్తడం ఎంతసేపు? శివారు భూములకు నీరందేది ఎప్పుడు? నువ్వు ఇప్పటిదాకా గేటు వేగం ఒక్కటే లెక్క కట్టావు.

చాలా ఏళ్లు గాలియం ఆర్సెనైడ్ వేఫర్ల మీదే పనిచేశాను కాబట్టి ఈ లెక్క నాకు కంఠతా వచ్చు. కాగితం తీసుకో. ముందు రింగు. దాని క్యూ విలువ (అనునాదం ఎంత పదునుగా ఉందో చెప్పే అంకె) 10 అనుకుందాం. 0.7 టెరాహెర్ట్జ్‌ను 10తో భాగిస్తే 70 గిగాహెర్ట్జ్. రింగు తన వంతుగా అనుమతించే వేగం అది, నీ పికోసెకన్లు అక్కడివే.

ఇప్పుడు మొత్తం పరికరం. టెరాహెర్ట్జ్ కిరణాన్ని ఎంత కుదించినా మచ్చ తరంగం పొడవు కంటే పెద్దగా చిన్నది కాదు, మామూలు ప్రయోగాల్లో కొన్ని మిల్లీమీటర్లు ఉంటుంది. కాబట్టి 5 మిల్లీమీటర్ల భుజం ఉన్న చదరం కావాలి. అందులో ఐదో వంతు లోహం ఉందనుకో, అంటే 5 చదరపు మిల్లీమీటర్లు. ఘన సెంటీమీటరుకు 2 పక్కన 16 సున్నాలు పెట్టినన్ని ఎలక్ట్రాన్లున్న పొరలో, బయాస్ లేనప్పుడు షాట్కీ లోహం (సెమీకండక్టర్‌ను నేరుగా అంటుకుని డయోడులా పనిచేసేది) కింద ఖాళీ అయ్యే మందం పావు మైక్రాన్. గాలియం ఆర్సెనైడ్ డైఎలెక్ట్రిక్ విలువ సుమారు 13. కెపాసిటెన్స్ 2 నానోఫారడ్ల పైన వస్తుంది. ఆ చార్జి నడవాల్సిన పొర మందం ఒక మైక్రాన్, దాని నిరోధం చదరానికి, ఆ చదరం ఎంత పెద్దదైనా సరే, సుమారు 600 ఓంలు. రెండూ గుణించు. మైక్రోసెకను దాటిపోయింది. దాన్ని ఫ్రీక్వెన్సీగా మారిస్తే వంద కిలోహెర్ట్జ్ పైచిలుకు! రింగు 70 గిగాహెర్ట్జ్‌కు సిద్ధంగా ఉంది, దానికి చార్జి అందించే ఏర్పాటు మాత్రం అంతకు లక్షల రెట్లు వెనకబడి ఉంది. నీ వేగం పోయింది అక్కడ.

మీ గైడు గారి మాటలో సగం నిజముంది. హెమ్ట్ పెట్టడం వల్ల వచ్చే లాభం ట్రాన్సిస్టర్ వేగం కాదు, విస్తీర్ణం. రింగు మొత్తం కింద ఖాళీ చేయాల్సిన పని తప్పి, సందులో ఉన్న చిన్న గేటు కింద ఖాళీ చేస్తే చాలు. పైగా అక్కడి ఎలక్ట్రాన్లు రెండు పొరల సరిహద్దులో పలుచని రేకులా ఉంటాయి, చలనశీలత ఎక్కువ. కెపాసిటెన్స్ ఒక్కసారిగా పడిపోతుంది. కానీ గేట్లన్నిటినీ కలిపే తీగలు మిగిలే ఉంటాయి, ప్యాడ్లు మిగిలే ఉంటాయి, వాటికి వేసిన బాండ్ తీగ మిగిలే ఉంటుంది. నీ యూనిట్ సెల్‌లో ఇవేవీ లేవు. ట్రాన్సిస్టర్ మార్చినా తేడా కనిపించకపోవడానికి కారణం అదే.

మిగతా పద్ధతులకూ ఇలాంటి నిదానపు అడుగు ఒకటి ఉంటుంది, అది ఎక్కడుందో వెతికి పట్టుకోవాలి. వనేడియం డయాక్సైడ్ 68 డిగ్రీల సెల్సియస్ దగ్గర లోహంలా మారుతుంది. మారడం వేగంగానే మారుతుంది, వేడి బయటికి పోయి మళ్లీ చల్లబడటమే ఆలస్యం. లిక్విడ్ క్రిస్టల్‌తో టెరాహెర్ట్జ్‌లో తగినంత ఫేజు మార్పు రావాలంటే పొర మందం వందల మైక్రాన్లు ఉండాలి, స్పందించే సమయం మందం వర్గంతో పెరుగుతుంది. దానితో వేగం మాట మరిచిపోవచ్చు. సిలికాన్ మీద కాంతి వేసి ఎలక్ట్రాన్లు పుట్టించవచ్చు, కానీ అవి తిరిగి కలిసిపోవడానికి మైక్రోసెకన్లు పడుతుంది. 2007లో ఎర్బియం ఆర్సెనైడ్ నానో దీవులున్న గాలియం ఆర్సెనైడ్‌తో ఆ సమయాన్ని 20 పికోసెకన్లకు దించారు. చాలా అందమైన పని అది. అయితే దాన్ని నడపడానికి ఫెమ్టోసెకను లేజర్ కావాలి, ఓల్టేజితో పని జరగదు.

విస్తీర్ణం తగ్గిస్తే సరిపోతుంది కదా అని నీకు అనిపించవచ్చు. తగ్గిస్తే కిరణంలో కొంత భాగం పరికరాన్ని తప్పించుకుని పక్కనుంచి పోతుంది, మాడ్యులేషన్ లోతు పడిపోతుంది. లోతుకూ వేగానికీ మధ్య ఈ లాగులాట చదివిన ప్రతి పత్రంలోనూ గమనించు. ఒకదాని అంకె గొప్పగా రాసి రెండోదాని గురించి మాట్లాడని పత్రాన్ని నేనైతే పూర్తిగా నమ్మను.

నువ్వు చేయాల్సింది ఇది. యూనిట్ సెల్ నుంచి ఒక రింగు కెపాసిటెన్స్ తీయి. తీగ నిరోధం లెక్క కట్టు. ఆ రెండింటితో మొత్తం బయాస్ వలను ఎన్‌జీస్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేటర్‌లో నిచ్చెనలా కట్టి, మొదటి రింగు దగ్గరా చివరి రింగు దగ్గరా ఓల్టేజి ఎప్పుడు పెరుగుతోందో పక్కపక్కన గీయి. ఫీల్డు లెక్కలకు ఓపెన్‌ఈఎమ్‌ఎస్, మీప్ ఉన్నాయి, రెండూ ఉచితం. పరికరం నిజంగా చేయాలనుకుంటే బయటి విద్యార్థులను తమ క్లీన్‌రూమ్‌లలోకి అనుమతించే ఐఎన్‌యూపీ పథకం ఉంది. బెంగళూరు ఐఐఎస్సీ, ఐఐటీ బొంబాయి వంటి చోట్ల అమలవుతోంది. దరఖాస్తులో ఈ నిచ్చెన లెక్క ఉంటే నీ మాటకు బలం వస్తుంది.

జవాబు: మైక్రోవేవ్ ల్యాబ్, విజయవాడ

తల్లీ, పైన మేడమ్ గారు చెప్పింది కళ్లతో చూడాలంటే టెరాహెర్ట్జే అక్కర్లేదు. ఈ నియమాలన్నీ కొలతలతో పాటు పెరుగుతాయి, తగ్గుతాయి. 1890లలో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ 60 గిగాహెర్ట్జ్ దాకా తరంగాలు పుట్టించి ప్రయోగాలు చేశారు. రైల్వే టైమ్‌టేబుల్ పుస్తకం పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి దాన్నే పోలరైజర్‌గా వాడారు. 1898లో పురి పెట్టిన జనపనార కట్టల గుండా తరంగాన్ని పంపి దాని ధ్రువణ దిశ తిప్పారు. మెటామెటీరియల్ (తరంగం కంటే చిన్న నిర్మాణాలతో చేసిన కృత్రిమ పదార్థం) అన్న పేరు పుట్టక ముందే ఆ పని మన దేశంలో జరిగింది. మీ కాలేజీలో పరికరాలు లేవని దిగులు పడవద్దు.

ఎఫ్‌ఆర్-4 బోర్డు (మామూలు సర్క్యూట్ బోర్డు) మీద ఒక మైక్రోస్ట్రిప్ పట్టీ (తరంగాన్ని మోసే రాగి పట్టీ) గీయండి. దాని పక్కనే పది రింగులు వరుసగా పెట్టండి. అనునాద ఫ్రీక్వెన్సీ దగ్గర రింగులు శక్తిని లాగేసుకుంటాయి, పట్టీ వెంట వెళ్లే తరంగం పడిపోతుంది. గాలిలో వెళ్లే కిరణానికి బదులు పట్టీ మీద వెళ్లే తరంగం, అంతే తేడా. 2.5 గిగాహెర్ట్జ్ దగ్గర పెట్టుకుంటే చిన్న చేతి విఎన్‌ఏతోనే (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత తరంగం దాటిందో కొలిచే పరికరం) చూడవచ్చు.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. సందులో వరాక్టర్ డయోడు (ఓల్టేజితో కెపాసిటెన్స్ మారేది) ఒక్కటే అతికిస్తే దాని రెండు కాళ్లనూ రింగు లోహమే వెనక నుంచి కలిపేస్తుంది, బయాస్ ఓల్టేజి నిలవదు. కాబట్టి ఎదురువైపు ఇంకో సందు తెరవాలి. రింగు రెండు ముక్కలవుతుంది. రెండు సందుల్లోనూ ఒక్కో వరాక్టర్ పెట్టండి, రెండింటి ముక్కులూ (డయోడు గుర్తులో బాణం చూపే కొనలు) ఒకే ముక్క వైపు ఉండేలా. ఒక్కోటి 2 పికోఫారడ్లు అనుకుంటే తరంగానికి అవి వరుసలో ఉన్నట్టు కనిపిస్తాయి, అంటే 1 పికోఫారడ్. బయాస్‌కు మాత్రం సమాంతరంగా ఉంటాయి, అంటే 4. తరంగం చూసే కెపాసిటెన్స్ వేరు, నువ్వు నింపాల్సిన కెపాసిటెన్స్ వేరు. మేడమ్ గారి లెక్కంతా ఈ ఒక్క రింగులో కనిపిస్తుంది.

పది రింగులకు 40 పికోఫారడ్లు. మన ల్యాబుల్లో ఉండేవి 30 మెగాహెర్ట్జ్ సీఆర్ఓలు (ఓల్టేజి మార్పును తెర మీద గీసే ఆసిలోస్కోపులు), 12 నానోసెకన్ల కంటే చిన్న అంచు (ఓల్టేజి లేవడానికి పట్టే సమయం) వాటికి తెలియదు. అందుకని బయాస్ దారిలో కావాలనే 10 కిలోఓంల రెసిస్టర్ పెట్టండి. రివర్స్ బయాస్‌లో వరాక్టర్ పీల్చే కరెంటు లెక్కలోకి రాదు కాబట్టి ఓల్టేజి పడిపోదు. అంచు 0.9 మైక్రోసెకను దగ్గర వస్తుంది, తెర మీద వంపు స్పష్టంగా కనిపిస్తుంది. తర్వాత ఒక్క రింగు మాత్రం ఉంచి మిగతావాటి బయాస్ తీగలు తీసేయండి. అంచు ఎంత నిటారుగా లేస్తుందో చూడండి. ఆ తర్వాత పెద్ద రెసిస్టర్ తీసేసి రింగుకూ రింగుకూ మధ్య 1 కిలోఓం చొప్పున వేయండి. మొదటి రింగు దగ్గరా పదో రింగు దగ్గరా ప్రోబు పెడితే చార్జి ఆలస్యంగా అందడం కళ్లకు కడుతుంది.

కొలిచేటప్పుడు జాగ్రత్త. వీఎస్‌డబ్ల్యూఆర్ (స్థిర తరంగ నిష్పత్తి) మీటరు జోలికి పోవద్దు, అది 1 కిలోహెర్ట్జ్‌కు శ్రుతి చేసి ఉంటుంది, వేగం సంగతి దానికి పట్టదు. డయోడ్ డిటెక్టర్ (తరంగం బలాన్ని ఓల్టేజిగా మార్చేది) వాడండి. డిటెక్టర్ నుంచి సీఆర్ఓకు ఒక మీటరు పొడవున్న కేబుల్ వేస్తే ఆ కేబులే 100 పికోఫారడ్లు. డిటెక్టర్ నిరోధం కిలోఓంలలో ఉంటుంది. ఆ రెండూ కలిసి ఇంకో నిదానపు అంచు తయారు చేస్తాయి, అది నీ రింగులదే అనుకుంటావు. సీఆర్ఓ మూతి దగ్గర 50 ఓంలు పెట్టు. సిగ్నల్ తగ్గిపోతుంది, అయినా అంచు నిజం చెబుతుంది.

రెసిస్టర్లు, కనెక్టర్లు గవర్నరుపేటలో దొరుకుతాయి. వరాక్టర్లు ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి. అవి ఆవగింజంత ఉంటాయి, అతికించేటప్పుడు నన్ను పిలవండి, మా ల్యాబులో భూతద్దం, సన్నమూతి సోల్డరింగ్ ఐరన్ ఉన్నాయి.

జవాబు: టవర్ ఇంజనీరు

అందరికీ నమస్కారం. నాకో సందేహం. సమాచారం పంపడానికైతే ఇంత తిప్పలు ఎందుకు? 300 గిగాహెర్ట్జ్ దగ్గర మిక్సర్లతోనే (సిగ్నల్‌ను ఎక్కువ ఫ్రీక్వెన్సీ మీదికి ఎక్కించే సర్క్యూట్లు) సెకనుకు పదుల గిగాబిట్లు పంపుతున్నారు. 2017లోనే ఐఈఈఈ 802.15.3డి ప్రమాణం 100 గిగాబిట్ల దాకా ఊహించి రాసింది. 2019 ప్రపంచ రేడియో సదస్సు 275 నుంచి 450 గిగాహెర్ట్జ్ మధ్య 137 గిగాహెర్ట్జ్‌ను గుర్తించింది. పైగా మన ఊరి గాలి సంగతి చూడండి. 35 డిగ్రీల ఎండలో 60 శాతం తేమ ఉంటే ఘనమీటరు గాలిలో 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) ప్రామాణిక లెక్క 7.5 గ్రాములు. 557 గిగాహెర్ట్జ్ దగ్గర నీటి ఆవిరి తరంగాన్ని మింగేస్తుంది. కృష్ణ ఒడ్డున ఇది ఎంత దూరం పోతుంది?

జవాబు: గాలియం

మీరన్నది నిజమే, నేను దాన్ని కాదనను. ఒకే కిరణం మీద డేటా ఎక్కించడానికి మిక్సరే మేలు, 1 గిగాహెర్ట్జ్ మెటాసర్ఫేస్ దానితో పోటీ పడలేదు. ఆవిరి గీతల మధ్య ఉన్న కిటికీల్లో, అదీ కొద్ది దూరాలకే, ఈ లింకులు పనికొస్తాయి. 300 గిగాహెర్ట్జ్ దగ్గర ఆవిరి మాట అటుంచితే ఖాళీలోనే మొదటి మీటరుకు 82 డెసిబెల్స్ పోతాయి.

మెటాసర్ఫేస్ బలం వేరే చోట ఉంది. కిరణం గాలిలోకి వచ్చాక దాన్ని ముక్కలు ముక్కలుగా, ఒక్కో ముక్కకూ వేరే ఆజ్ఞతో మార్చగలది అదే. కిరణాన్ని తిప్పడానికి, గోడ చాటున ఉన్న రిసీవర్ వైపు మళ్లించడానికి, బొమ్మలు తీయడానికి ఆ గుణం కావాలి. 2014లో 64 గడుల మెటామెటీరియల్ పలకతో, ఒకే ఒక్క డిటెక్టర్ పెట్టి టెరాహెర్ట్జ్ బొమ్మలు తీశారు. ప్రతి గడిని వేరే వరుసలో వెలిగించి ఆర్పుతూ, వచ్చిన మొత్తాల నుంచి బొమ్మను లెక్క కట్టారు. టెరాహెర్ట్జ్ కెమెరాలు ఎంత ఖరీదైనవో తెలిసినవారికి ఆ పని విలువ తెలుస్తుంది. అక్కడ గడి ఎంత త్వరగా మారితే బొమ్మ అంత త్వరగా వస్తుంది. ఈ అమ్మాయి అడుగుతున్న వేగం అక్కడ అక్షరాలా పనికొస్తుంది. రిపోర్టు మొదటి అధ్యాయంలో 6జీ గురించి పేజీలు నింపే బదులు దీని గురించి రాయమంటాను.

ప్రశ్న: బ్రాడీపేట ఎంటెక్

మేడమ్ గారూ, ల్యాబ్ సార్ గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నిచ్చెన లెక్క కట్టాను. మొదటి రింగుకూ చివరి రింగుకూ తేడా చూసి ఆశ్చర్యపోయాను. బోర్డు గీయడం మొదలుపెట్టాను, వరాక్టర్లు రాగానే సార్ దగ్గరికి వస్తాను. ఒక్క సందేహం మిగిలింది. తీగ నిరోధం తగ్గించడానికి వెడల్పు పెంచితే ఆ తీగలే టెరాహెర్ట్జ్ తరంగానికి అడ్డుపడవా?

జవాబు: గాలియం

అడ్డుపడతాయి, తీగలను తప్పు దిశలో గీస్తే. తరంగపు విద్యుత్ క్షేత్రం ఏ దిశలో ఉందో దానికి అడ్డంగా, అంటే లంబంగా, తీగలు గీయి. అప్పుడు తరంగం వాటిని దాదాపు పట్టించుకోదు. క్షేత్రానికి సమాంతరంగా గీశావో, అద్దంలా వెనక్కి కొట్టేస్తాయి. తీగల పోలరైజర్ పనిచేసేది ఇలాగే. లంబంగా ఉన్నా మరీ వెడల్పు చేస్తే రింగుల మధ్య ఖాళీ తగ్గి అనునాద ఫ్రీక్వెన్సీ పక్కకు జరిగిపోతుంది, కాబట్టి వెడల్పు కంటే మందం పెంచడం మేలు.

లెక్క చెబుతాను. 1 టెరాహెర్ట్జ్ దగ్గర బంగారంలో తరంగం చొచ్చుకుపోయే లోతు ఎనభై నానోమీటర్ల లోపే. అందుకని రింగులకు 200 నానోమీటర్ల బంగారం చాలని అందరూ అక్కడితో ఆపుతారు. తరంగం వరకు అది సరే. బయాస్ వైపు నుంచి చూడు. 200 నానోమీటర్ల బంగారం చదరానికి 0.11 ఓం. 4 మైక్రాన్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల పొడవు అంటే 1250 చదరాలు. ఒక్కో తీగకు దాదాపు 140 ఓంలు! అదే బంగారం మైక్రాన్ మందం వేస్తే 28కి దిగుతుంది. వేఫర్ మీద తీగలకు మాత్రమే రెండోసారి లోహం వేయవచ్చు, రింగులను ముట్టుకోనక్కర్లేదు.

ఇంకా చౌకైన ఉపాయం ఉంది. ప్యాడ్లు ఒకవైపే పెట్టకుండా రెండు చివరలా పెట్టి, రెండు వైపుల నుంచీ ఒకేసారి ఓల్టేజి ఇవ్వు. చార్జి నడవాల్సిన దూరం సగమవుతుంది. నిచ్చెనలో ఆలస్యం పొడవు వర్గంతో మారుతుంది కాబట్టి అది నాలుగో వంతుకు పడిపోతుంది. ల్యాబ్ వారు చెప్పిన పది రింగుల బోర్డు మీద కూడా ఇది పరీక్షించవచ్చు. రెండో చివర కూడా ప్యాడ్ వదిలి బోర్డు గీయి, ఇప్పుడే వదలకపోతే మళ్లీ బోర్డు చేయించుకోవాల్సి వస్తుంది. రెండు వంపుల ఫొటోలు ఇక్కడ పెట్టు, చూస్తాను.